మేఘం తూర్పారబట్టిన బూడిద

గోదావరి జిల్లాల్లో కోత మిషన్లు దిగకముందు కళ్ళాల్లో ధాన్యం తూర్పారబట్టేవారు. గాలి వాటం చూసి చేటతో పైనుంచి పోస్తే గట్టి గింజ కాళ్ళ దగ్గరే రాశిపడేది, తాలు కాస్త అవతల పడేది, ఊకా దూగరా గట్టు దాటి పోయేవి. అణుబాంబు పేలాక లేచే మేఘం కూడా తన బూడిదని ఇలాగే చెరుగుతుంది. కాకపోతే అక్కడ రేణువు బరువుతో పాటు ఇంకో లెక్క ఉంది: ఏ మూలకం ఎంత వేడి దగ్గర ఆవిరి రూపం వదిలి గట్టిపడుతుందన్నది. అందుకే పేలిన చోటుకి దగ్గర్లో రాలే బూడిదలో మూలకాల పాళ్ళు ఒకలా ఉంటే, వేల మైళ్ళ అవతల వానతో దిగే బూడిదలో ఇంకోలా ఉంటాయి. ఒకే బాంబు, ఒకే మేఘం, రెండు రకాల బూడిద.

అణువు ముక్కల్లో ఏది ఏదో గుర్తుపట్టే విద్యని తెలుగు నేల మీద నాటినవాడు ఒక సన్యాసి. భీమవరం పక్కన గొరగనమూడిలో పుట్టినవాడు. ఆయన కథనీ ఈ బూడిద కథనీ కలిపి చెప్పుకోవలసిన కారణం ఉంది.

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవి దగ్గర అమెరికా ‘క్యాసిల్ బ్రావో’ అనే హైడ్రోజన్ బాంబుని పేల్చింది. అయిదారు మెగాటన్నులు అనుకున్న పేలుడు 15 మెగాటన్నులైంది. దీవి అడుగున ఉన్న పగడపు రాయి కోట్ల టన్నుల కొద్దీ పైకి లేచి, కొంత ఆవిరై, కొంత పొడై, సున్నంలా తెల్లగా తిరిగి రాలింది. వంద కిలోమీటర్లకి పైగా దూరంలో చేపలు పడుతున్న జపాన్ పడవ ‘ఫుకుర్యు మారు’ మీద ఆ తెల్ల బూడిద గంటల తరబడి పడింది. పడవలో ఉన్న 23 మందికీ ఒళ్ళు కాలింది, వాంతులయ్యాయి, జుట్టు ఊడింది. మార్చి 14న వాళ్ళు యైజు రేవుకి చేరారు. రేడియో ఆపరేటరు ఐకిచి కుబోయామా ఆ ఏడాది సెప్టెంబరు 23న చనిపోయాడు. జపాన్ జనం ఆ పొడిని ‘చావు బూడిద’ అన్నారు. రోంగెలాప్ దీవి వాసుల మీద కూడా అదే బూడిద పడింది. అదేమిటో తెలియక పిల్లలు దానితో ఆడుకున్నారు.

పడవ మీద ఊడ్చి తెచ్చిన బూడిద టోక్యో విశ్వవిద్యాలయంలో కెంజిరో కిమురా బృందం చేతికి వచ్చింది. రసాయన పద్ధతుల్లో ఒక్కో మూలకాన్నీ విడదీసి, దాని రేడియోధార్మికత ఎంత వేగంగా తగ్గుతోందో కొలిచి, వాళ్ళు జాబితా తయారుచేశారు. అందులో యురేనియం-237 కనబడింది. ఈ ఐసోటోపుని అంతకు పద్నాలుగేళ్ళ ముందు, 1940లో, నిషినాతో కలిసి కనిపెట్టిన వాళ్ళలో కిమురా ఒకడు. బూడిదలో అది ఉందంటే అర్థం ఒకటే. బాంబు చుట్టూ మామూలు యురేనియం తొడుగు ఉంది, హైడ్రోజన్ పేలుడులో పుట్టిన న్యూట్రాన్లకి ఆ తొడుగు కూడా బద్దలైంది, బూడిదలో ఇంత విషం ఉండటానికి కారణం అదే. అమెరికా రహస్యంగా దాచుకున్న బాంబు నిర్మాణం పిడికెడు బూడిదలో బయటపడిపోయింది.

ఆ జపాన్ లెక్కల్ని చూసి బాంబు మూడు దశల్లో పేలిందని తేల్చి 1955లో బయటపెట్టిన శాస్త్రజ్ఞుడు జోసెఫ్ రోట్‌బ్లాట్. పోలండ్ నుంచి 1939లో ఇంగ్లండ్ వచ్చి, లివర్‌పూల్‌లో జేమ్స్ చాడ్విక్ ప్రయోగశాలలో చేరినవాడు. తరవాత అమెరికా అణుబాంబు పథకంలోకి వెళ్ళి, మనసొప్పక మధ్యలోనే బయటికి వచ్చేశాడు. 1995లో ఆయనకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. గొరగనమూడి సన్యాసి పని నేర్చుకున్నది కూడా ఆ చాడ్విక్ దగ్గరే.

ఆయన పూర్వాశ్రమ నామం భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. పుట్టింది 1896 డిసెంబరు 5న. పారిస్‌లో హెన్రీ బెక్వెరెల్ యురేనియం లవణం నుంచి వచ్చే కంటికి కనబడని కిరణాలని కనిపెట్టిన ఏడాది కూడా అదే. యవ్వనంలో ఇల్లు విడిచి హిమాలయాలకి వెళ్ళి, ఏళ్ళ తరబడి యోగసాధన చేసి, స్వామి జ్ఞానానంద అయ్యాడు. 1920ల చివర జర్మనీ వెళ్ళాక డ్రెస్డెన్‌లో కొత్త భౌతికశాస్త్రం ఆయన్ని పట్టేసింది. ముప్ఫై దాటిన వయసులో, కాషాయంలో ఉండి, గణితం మొదటినుంచీ చదువుకోవడానికి కూర్చున్నాడు. ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్‌రే వర్ణపటాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నాడు. అక్కడినుంచి లివర్‌పూల్, అటు తరవాత అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం. 1947లో ఆయన రాసిన ‘హై వాక్యువా’ అనే పుస్తకం అమెరికాలో అచ్చయింది. గాలి లేని శూన్యాన్ని ఎలా సృష్టించాలి, ఎలా కొలవాలి అన్నదే దాని విషయం.

శూన్యం మీద ఒక సన్యాసి పుస్తకం రాశాడంటే వేదాంతం అనుకునే ప్రమాదం ఉంది. అది పూర్తిగా పంపులు, గొట్టాలు, కొలతల పుస్తకం. లివర్‌పూల్‌లో ఆయన పట్టుకున్న పని బీటా కిరణాల వర్ణపటం. ధార్మిక మూలకం విడుదల చేసే ఎలక్ట్రాన్లని అయస్కాంత క్షేత్రంలోకి పంపితే, వేగం ఎక్కువున్నవి తక్కువగానూ వేగం తక్కువున్నవి ఎక్కువగానూ వంగుతాయి. ఆ వంపుని కొలిచి వాటి శక్తి ఎంతో చెప్పవచ్చు, శక్తిని బట్టి అవి ఏ ఐసోటోపు నుంచి వచ్చాయో పట్టుకోవచ్చు. దారిలో గాలి అణువులు ఉంటే ఎలక్ట్రాన్లు వాటికి కొట్టుకుని దారి తప్పుతాయి. అందుకే శూన్యం బాగా కుదరని చోట బీటా కొలతా కుదరదు. న్యూట్రాన్‌ని కనిపెట్టినవాడిగా పేరు పడ్డ చాడ్విక్ తన కుర్రతనంలో, 1914లోనే, బీటా కిరణాల శక్తి ఒకే విలువ దగ్గర ఆగకుండా పరచుకుని ఉంటుందని చూపించినవాడు. ఆ విద్యలో అంతకు మించిన గురువు అప్పట్లో దొరకడు.

స్వాతంత్ర్యం వచ్చాక స్వామి తిరిగి వచ్చి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశాడు. 1950ల నడుమ విశాఖపట్నం వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టాడు. ఆ రోజుల్లో విదేశాల నుంచి పరికరం తెప్పించుకోవడమంటే డాలర్ల కరువుతో పెనుగులాట. తన చేత్తో పరికరం కట్టగల గురువు ఉండటం ఆ విభాగానికి పెద్ద ఆస్తి. బీటా, గామా వర్ణపటాలు కొలిచే పిల్లలు అక్కడ తరం తరవాత తరం తయారయ్యారు. ఆయన 1969 సెప్టెంబరులో కాలం చేశాడు. విశాఖలో అణు పరిశోధన ప్రయోగశాలలు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉన్నాయి.

స్వామి విశాఖలో పరికరాలు కట్టిస్తున్న సంవత్సరాల్లోనే అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ ఆకాశంలో బాంబులు పేలుస్తున్నాయి. ఆ బూడిదల్ని పరీక్షిస్తున్న రసాయనవేత్తలకి ఒక చిక్కు వచ్చిపడింది. యురేనియం ఎప్పుడు బద్దలైనా ముక్కలు దాదాపు ఒకే పాళ్ళలో పుడతాయి. ముప్ఫైకి పైగా మూలకాలు, వందల ఐసోటోపులు. వాటిలో ఎక్కువ భాగం ద్రవ్యరాశి 95 చుట్టూ, 140 చుట్టూ రెండు మూపురాల్లా ఉంటాయి. ఆ పాళ్ళు పుస్తకాల్లో ఉన్నాయి. బూడిదలో మాత్రం అలా కనబడటం లేదు. ఒక నమూనాలో జిర్కోనియం ఎక్కువ, స్ట్రాన్షియం తక్కువ. అదే పేలుడు నుంచి ఇంకో చోట తీసిన నమూనాలో తలకిందులు.

జవాబు అగ్నిగోళంలో ఉంది. పేలిన క్షణంలో అక్కడ వేడికి బాంబు లోహం, కింది మట్టి, బాంబుని నిలబెట్టిన గోపురం ఇనుము అన్నీ ఆవిరవుతాయి. కాస్త చల్లారేసరికి మట్టి, ఇనుము ఆక్సైడ్లు ముందుగా చుక్కలుగా కడతాయి. జిర్కోనియం, సీరియం, ప్లూటోనియం లాంటివి చాలా ఎక్కువ వేడి దగ్గరే ఆవిరి వదిలేసే రకం. అవి ఆ కరిగిన చుక్కల్లో కలిసిపోయి, చుక్క గట్టిపడినప్పుడు గాజుపూసలో రంగులా లోపలంతా చిక్కుకుంటాయి. పెద్ద చుక్కలు బరువుకి తొందరగా, దగ్గర్లోనే రాలిపోతాయి. అయోడిన్, సీజియం లాంటివి అప్పటికింకా ఆవిరిగానే తిరుగుతుంటాయి. అవి ఆవిరి రూపం వదిలే వేళకి మేఘంలో మిగిలినవి గట్టిపడిపోయిన సన్న రేణువులు. లోపలికి పోయే దారి లేక అవి ఆ రేణువుల పైన పూతలా అంటుకుంటాయి. సన్న రేణువులకి బరువుతో పోలిస్తే పైభాగం ఎక్కువ, కాబట్టి ఈ పూతలో ఎక్కువ వాటా వాటికే దక్కుతుంది. అవి ఆకాశంలోనే ఉండిపోయి దేశాలు దాటతాయి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ముక్క పుట్టినప్పుడు ఉన్న మూలకంగానే ఎప్పుడూ ఉండిపోదు. ద్రవ్యరాశి 137 గొలుసు చూడండి: మొదట అయోడిన్, 24 సెకన్లకి అందులో సగం జెనాన్ వాయువు, దాదాపు నాలుగు నిమిషాలకి ఆ జెనాన్‌లో సగం సీజియం. జెనాన్ దేనికీ అంటుకోని వాయువు. రేణువులు గట్టిపడే ఘడియలో ఈ గొలుసు వాయువుగా ఉంది కాబట్టి సీజియం-137 ఆలస్యంగా పుట్టి సన్న ధూళిని పట్టుకుంటుంది. స్ట్రాన్షియంలో అయితే ఒకే మూలకపు రెండు ఐసోటోపులకి రెండు దారులు. స్ట్రాన్షియం-90 తాత అయిన క్రిప్టాన్-90 అర్ధాయువు 32 సెకన్లు. స్ట్రాన్షియం-89 తాత క్రిప్టాన్-89ది మూడు నిమిషాల పైచిలుకు. అంతసేపు వాయువుగా మేఘంలోనే ఉండిపోవడం వల్ల 89 ఇంకా ఎక్కువగా దూరపు ధూళిలోకి చేరుతుంది. రసాయన గుణంలో ఏ తేడా లేని అన్నదమ్ములని రెండు మూడు నిమిషాల తేడా విడదీసింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో ఎడ్వర్డ్ ఫ్రైలింగ్ ఈ గజిబిజిలో క్రమాన్ని పట్టుకుని 1961లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించాడు. జిర్కోనియం-95 ఒక కొసన, స్ట్రాన్షియం-89 ఇంకో కొసన పెట్టుకుంటే మిగతా ఐసోటోపులు ఆ రెంటి నడుమ తమ తమ చోట్లలో సర్దుకుంటాయి. వాటి నిష్పత్తులని లాగరిథమ్ కాగితం మీద గీస్తే సరళరేఖలు వస్తాయి. రేఖ వాలుని బట్టి ఆ గొలుసు మేఘంలో ఎంత భాగం ఘనంగా, ఎంత భాగం ఆవిరిగా గడిపిందో చెప్పవచ్చు. బ్రావో లాంటి విలయం వెనక ఇంత శుభ్రమైన క్రమం ఉండటం భయపెడుతుంది కూడా. ఎందుకంటే ఆ క్రమం మనిషికి అనుకూలంగా లేదు. మట్టిలో కదలకుండా పడి ఉండే జిర్కోనియం, సీరియం దగ్గర్లో రాలిపోతే, ఒంట్లోకి తేలిగ్గా చేరే మూడూ దూరాలకి వెళ్ళాయి. థైరాయిడ్ పీల్చుకునే అయోడిన్, పొటాషియంలా కండల్లోకి చేరే సీజియం, కాల్షియంలా ఎముకలో కూర్చునే స్ట్రాన్షియం. పైగా ఇవి రేణువు పైపూతలో ఉండేవి కాబట్టి వాననీటికి కరిగి గడ్డికీ పంటకీ సులువుగా అందుతాయి. 1986లో చెర్నోబిల్‌లోనూ ఇదే విభజన కనబడింది. ప్లూటోనియం, సీరియం ఎక్కువగా రియాక్టరు చుట్టుపక్కల పడ్డాయి, అయోడిన్, సీజియం స్వీడన్ దాకా వెళ్ళాయి.

బ్రావో జరిగి నెల తిరిగేసరికి, 1954 ఏప్రిల్ 2న, జవహర్‌లాల్ నెహ్రూ లోక్‌సభలో అణు పరీక్షలని ఉన్న చోటే ఆపేయాలని అడిగాడు. అలా అడిగిన తొలి దేశ నాయకుల్లో ఆయన ఒకడు. దౌలత్ సింగ్ కొఠారి నాయకత్వంలో శాస్త్రజ్ఞులు అణు పేలుళ్ళ ప్రభావాల మీద పుస్తకం తయారుచేస్తే, భారత ప్రభుత్వ ప్రచురణల విభాగం 1956లో దాన్ని అచ్చువేసింది, నెహ్రూ ముందుమాట రాశాడు. ఐక్యరాజ్యసమితి 1955 చివర ధార్మికత ప్రభావాల మీద వేసిన శాస్త్రీయ సంఘంలో మొదటి 15 సభ్యదేశాల్లో భారత్ ఉంది. ట్రాంబేలోని అణుశక్తి సంస్థ దేశంలో పలు చోట్ల గాలిని వడపోసి లెక్కించే కేంద్రాలు పెట్టింది. చైనా లోప్‌నోర్‌లో పేల్చిన బాంబుల ధూళి పశ్చిమ గాలుల మీద భూమిని చుట్టి వచ్చి ఆ వడపోత కాగితాల మీద చిక్కింది. జిర్కోనియం-95కీ బేరియం-140కీ నిష్పత్తి చూసి ఆ ధూళి గురించి మన శాస్త్రజ్ఞులు పరిశోధన పత్రాలు రాశారు. బూడిద చదవడం మన దేశంలో కూడా ఒక వృత్తి అయింది.

మరి ఈ గోదావరి డెల్టా మీద ఏం పడింది? గాలిలో జరిగిన పరీక్షలు మొత్తం 543 అని ఐక్యరాజ్యసమితి సంఘం లెక్క. పెద్ద బాంబుల సన్నధూళి స్ట్రాటోస్ఫియర్‌లోకి ఎక్కి నెలలు, ఏళ్ళు అక్కడే తిరిగి, ఉత్తరార్ధగోళంలో ఎక్కువగా 40, 50 అక్షాంశాల నడుమ దిగింది. రాజమండ్రి 17వ అక్షాంశం మీద ఉంది కాబట్టి ఇక్కడి వాటా తక్కువ. కానీ సున్నా కాదు. ధూళిని ఆకాశం నుంచి కిందికి దించేది ముఖ్యంగా వాన. నైరుతి వానకి సార్వా నాట్లు పడే వేళ, ఆ తరవాత తుఫాన్ల వేళ, చుక్కలతో పాటు ఇది కూడా దిగింది. 1963లో ఇలా దిగడం పతాక స్థాయికి చేరింది. గాలిలో పరీక్షలని నిషేధించే ఒప్పందం ఆ ఏడాది ఆగస్టు 5న కుదిరాక తగ్గుతూ వచ్చింది. ఆ 1963లో ప్రపంచ సగటున మనిషికి దీనివల్ల అందినది 0.15 మిల్లీసీవర్టు. రాళ్ళ నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి సహజంగా ఏటా అందేది 2.4. కాబట్టి డెల్టా జనం భయపడాల్సిన మోతాదు కాదది. కానీ అడగకుండా, చెప్పకుండా, ఎక్కడో ఎవరో పేల్చినదాన్ని ఈ పొలాల మీద కూడా చల్లారన్నది మాత్రం నిజం.

వరికి ఇక్కడ ఒక విశేషం ఉంది. స్ట్రాన్షియం గింజలో ఎక్కువగా ఊకలోనూ తవుడులోనూ ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలోకి వచ్చేది తక్కువ. తవుడు పశువులకి పోతుంది. పశువు ఒళ్ళు పాలలోకి కాల్షియాన్ని వదిలినంత ధారాళంగా స్ట్రాన్షియాన్ని వదలదు. అంటే వంటింటికి చేరేలోపు రెండు జల్లెళ్ళు దాటాలి. ఇక సీజియం డెల్టా బంకమట్టిని చూస్తే వదలదు. మట్టి పొరల మధ్య సందుల్లో దూరి అక్కడే ఇరుక్కుంటుంది, నీటితో కదలడం చాలా తక్కువ. మట్టి ఎక్కడికి కొట్టుకుపోతే దానితో పాటు పోవలసిందే.

మూలకాలని వేరుచేయడం గోదావరికి బాంబుల కాలంలో కొత్తగా వచ్చిన పనేమీ కాదు. తూర్పు కనుమల ఖోండలైట్, చార్నొకైట్ రాళ్ళు శిథిలమైనప్పుడు వాటిలోని యురేనియం నీటిలో కార్బనేట్లతో కలిసి కరిగి సముద్రంలోకి జారుకుంటుంది. థోరియం కరగదు. మోనజైట్ అనే బరువైన పసుపు గింజలో ఉండిపోయి ఇసుకతో పాటు ఒడ్డుకి చేరుతుంది. అలలు తేలిక ఇసుకని లాక్కుపోతుంటే ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ నల్లని, ఎర్రని చారలుగా మిగులుతాయి. విశాఖ తీరపు ఇసుకలో మోనజైట్‌ని ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగానికి చెందిన సి. మహదేవన్ 1940లలోనే వర్ణించాడు. గోదావరి మొగల నడుమ తీరంలో కనబడే నల్ల ఇసుక చారలు ఆ కుటుంబానివే. అగ్నిగోళంలో వేడి చేసిన విభజనని ఇక్కడ నీరు చేస్తోంది.

1963 నాటి ఆ కొద్దిపాటి సీజియం ఇప్పుడు మనకి ఉపయోగపడే రోజు వచ్చింది. బురద పేరుకున్న చోట నిలువుగా గొట్టం దించి, పొర తరవాత పొర గామా లెక్క తీస్తే, సీజియం ఎక్కువగా ఉన్న పొర 1963దని తెలుస్తుంది. దాని పైన ఉన్న మందమంతా ఆ తరవాత వచ్చిన ఒండ్రు. లోకమంతటా చెరువుల్లో, మొగల్లో ఈ పద్ధతితో వయసు కడుతున్నారు. గోదావరి డెల్టాకి ఇది చిన్న ప్రశ్న కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది మొదలు ఎగువన ఒకదాని తరవాత ఒకటి జలాశయాలు వచ్చాయి, డెల్టాకి చేరే ఒండ్రు తగ్గింది, తీరం చాలా చోట్ల కోతకి గురవుతోంది. ఎంత తగ్గింది, ఏ దశాబ్దంలో తగ్గింది అన్నది పొరలు చెప్పగలవు. పొలాలు దీనికి పనికిరావు, ఏటా దమ్ము చేసి పై మట్టిని కలిపేస్తాం. చేపల చెరువులు తవ్విన కొల్లేరులో కూడా కదపని చోటు వెతుక్కోవాలి. కోరంగి మడ అడవుల్లో, పాయల పక్కన మనుషులు ముట్టని బురద ఇంకా ఉంది.

కానీ ఈ గడియారం నడుస్తూనే అరిగిపోతోంది. సీజియం-137 అర్ధాయువు 30 ఏళ్ళు. 1963లో దిగినదాంట్లో ఇప్పటికి నాలుగో వంతు మిగిలింది, 2053కి ఎనిమిదో వంతు. ఉత్తర దేశాలతో పోలిస్తే మొదటే తక్కువ పడ్డ చోటు కాబట్టి ఇక్కడ ఒక్కో నమూనాని రోజుల తరబడి లెక్కపెట్టవలసి ఉంటుంది. తరవాతి తరాలు ప్లూటోనియాన్ని నమ్ముకోవలసి వస్తుంది, దానికి ఇంకా ఖరీదైన యంత్రాలు కావాలి. పనికి కావలసినవి గామా డిటెక్టరు, బురదలో దిగే గొట్టం, ఓపికగల పరిశోధక విద్యార్థులు. విశాఖలో జ్ఞానానంద పేరుతో ప్రయోగశాలలు ఉన్నాయి, రాజమండ్రిలో నన్నయ విశ్వవిద్యాలయం ఉంది, మధ్యలో కోరంగి ఉంది. ఆ రెండు సంస్థలూ కలిసి డెల్టా బురద పొరల లెక్క ఈ దశాబ్దంలోనే తీసి పెట్టాలి.